తండా నుంచి స్టేజీ దాకా: షేర్ ఆటో ప్రయాణం ఎలా ఉంటుంది?

నర్సంపేట దాటిన తరువాత, మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగే స్టేజీ నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి వెళ్తే నేను పనిచేసే బడి ఉన్న తండా వస్తుంది. ఊళ్లోకి బస్సు రాదు. నాలుగు షేర్ ఆటోలే దిక్కు. రెండేళ్లుగా వాటిలోనే తిరుగుతున్నాను కాబట్టి, ఆ వైపు బదిలీపై వచ్చేవారికీ, చుట్టపు చూపుగా వెళ్లేవారికీ ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను.

దారికి వంక పెట్టలేము. తారు రోడ్డు ఉంది, వానాకాలంలోనూ ఆటోలు ఆగవు. ఇలాంటి దారులన్నీ జనాభా లెక్క చూసుకొని వచ్చినవే. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాలలో 500, షెడ్యూల్డ్ ప్రాంతాలలో 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలని నియమం పెట్టుకుంది. 2018లో తెలంగాణలో తండాలను గ్రామ పంచాయతీలుగా మార్చినప్పుడు కూడా 500 జనాభానే కొలతగా తీసుకున్నారు. మా తండా ఆ గీత దాటింది కనుక పంచాయతీ అయింది. ఆటోవాళ్ల లెక్క మాత్రం వేరు: పది మంది అయితే తప్ప బండి కదలదు.

ఈ సేవలో నాకు కనిపించిన అసలు లోపం అదే. ఉదయం కాలేజీ పిల్లలు, కూలీలు, ఆసుపత్రికి పోయేవారు ఉంటారు కాబట్టి పది నిమిషాలలో సీట్లు నిండుతాయి. పదిన్నర దాటిన తరువాత అడ్డాలో వేపచెట్టు కింద గంటసేపు కూర్చున్న రోజులు నాకు చాలా ఉన్నాయి. మనిషికి ఇరవై రూపాయలు. ఖాళీ సీట్ల డబ్బు కూడా మనమే ఇస్తామంటే అప్పటికప్పుడు తీస్తారు, కానీ మిట్టమధ్యాహ్నం జ్వరంతో ఉన్న పిల్లవాడిని ఎత్తుకొని వచ్చిన తల్లి ఆ మాట ఎలా అనగలదు?

మొన్న ఫిబ్రవరిలో ఒక ముసలమ్మ రెండు మిర్చి సంచులతో వచ్చింది. డ్రైవరు "జర లోపలికి జరుగు, యాడీ" (లంబాడీలో యాడీ అంటే అమ్మ) అంటూ ఒక సంచిని ఆమె కాళ్ల దగ్గర పెట్టి, రెండోదానిని నా ఒళ్లో పెట్టాడు. మనుషులం ఎనిమిది మందిమి, సంచులు రెండు. లెక్క పదికి వచ్చిందని వెంటనే కిక్కు కొట్టాడు. సంచికి కూడా ఇరవై రూపాయలే తీసుకున్నాడు. ఆరు కిలోమీటర్లూ అందరం దగ్గుతూనే దిగాము.

ఛార్జీ గురించి ఇంకొక మాట చెప్పాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టికెట్ లేదు. దానివల్ల స్టేజీ నుంచి వరంగల్ దాకా ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వెళ్లే మనిషి, ఇంటి నుంచి స్టేజీకి చేరడానికి, తిరిగి రావడానికి నలభై రూపాయలు పెట్టుకుంటోంది. ఆటోవాళ్లను తప్పుపట్టను, మెయిన్ రోడ్డు మీద బేరాలు తగ్గడంతో వారికి మిగిలింది ఈ లోపలి దారే.

డ్రైవర్లు మాత్రం నెమ్మదస్తులు. వీరిలో ఎవరూ తాగి నడపగా నేను చూడలేదు, చిల్లర దగ్గర పేచీ రాలేదు, మరచిపోయిన గొడుగు మరునాడు బడికే తెచ్చి ఇచ్చారు. పది మందిని ఎక్కించడం ప్రమాదమని వారికీ తెలుసు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు కూర్చున్నప్పుడు హ్యాండిల్ తిప్పడానికి మోచేతులు ఆడవు. చిన్నపిల్లలతో వెళ్లేవారు వెనుక సీటు దొరికేదాకా ఆగడం మంచిది.

రెండేళ్లకొకసారి మేడారం జాతర జరిగే రోజులలో ఈ నాలుగు ఆటోలూ అటు వెళ్లిపోతాయి. అప్పుడు బండి ఉన్న తోటి ఉపాధ్యాయుడిని ముందే అడిగి పెట్టుకోవాలి. మామూలు రోజులలో తండా నుంచి చివరి ఆటో సాయంత్రం ఆరు గంటలకు. అది తప్పిపోతే, పాల క్యాన్లు తీసుకుపోయే ట్రాలీ ఏడుగంటల ప్రాంతంలో వస్తుంది, అడిగితే స్టేజీ దగ్గర దించుతారు, డబ్బు తీసుకోరు.