కోల్చెస్టర్ పొలాల్లో మెటల్ డిటెక్టర్‌తో ఆరు రోజులు

"ఇంత దూరమెళ్ళి మట్టి తవ్వుతావేటి?" అని మా అమ్మ ఫోన్లో అడిగింది. ఆవిడకి చెప్పినట్టే ఇక్కడా చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం, పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ చూస్తూ పెరిగాను, మా తాత దున్నుతుంటే చేటంత ఇటుకలూ పెంకులూ పైకి తేలేవి, అవి తీసి గట్టు మీదకి విసిరేసేవాడు. అవెవరివి, ఎప్పటివి అని అడిగితే "పాతకాలంవిరా" అనేవాడు, అంతే. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది, అందుకే మొన్న అక్టోబర్లో మా అక్క కొడుకు దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు వాడు "మావయ్యా, ఇక్కడ పొలాల్లో లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ పట్టుకుని పాత వస్తువులు వెతికే టూర్లుంటాయి, వస్తావా" అనగానే ఒప్పేసుకున్నా.

లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కితే కోల్చెస్టర్‌కి సుమారు గంట. రోమన్లు బ్రిటన్‌లో మొదటి రాజధాని పెట్టుకున్న ఊరది, అప్పటి పేరు కాములోడునమ్.

బస గురించి ముందు చెప్పేస్తా. మొదటి రెండు రాత్రులు ఒక పబ్ మీది గదుల్లో ఉన్నాం. గది బాగుంది కానీ బురద బూట్లు పెట్టుకోడానికి చోటు లేదు, వంటగది తొమ్మిదికే మూసేస్తారు, రెండో రోజు పొలం నుంచి తడిసి వచ్చేసరికి వేణ్ణీళ్ళు లేవు, అడిగితే రేపు చూస్తాం అన్నారు. మూడో రోజు టూర్ వాళ్ళు ఒక రైతు ఇంటి పక్కనున్న పాత ధాన్యపు కొట్టంలోకి మార్చారు, దాన్నే గదులుగా చేశారు. హీటరుంది, బట్టలారేసే గదుంది, స్టవ్ ఉంది. మేం అన్నం వండుకుని పప్పు, ఆవకాయ వేసుకు తిన్నాం, పక్క గదిలో ఉన్న పెద్దాయనకి కూడా పెట్టాం. వెళ్ళేవాళ్ళు పబ్ గది తీసుకోవద్దు, ఇలాంటి కొట్టమే అడగండి. డిటెక్టర్ మెషిన్ అద్దె టూర్ ఫీజులో కలవదు, విడిగా కట్టాలి. నాకిచ్చిన దాని బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోయేది, రెండ్రోజులు చెప్తే గానీ మార్చలేదు, కాబట్టి మొదటి గంటలోనే చూసుకుని మార్పించుకోండి.

ఇక పొలాలు. మొదటిది పెద్దది, గోధుమ కోసేశాక కొయ్యకాళ్ళతో ఉంది, డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి పళ్ళెం లాంటి కాయిల్ నేలకి ఆనదు, రోజంతా తిరిగితే సీసపు తుపాకీ గుళ్ళు, గుండీలు, బోల్డంత ఇనుము, అంతే. రెండోది దున్ని సాపు చేసిన పొలం, పక్కన చిన్న వాగు. అక్కడ దొరికాయి. ముందు చిన్న రాగి రంగు నాణెం, మన పాత పైసా కన్నా చిన్నది, మట్టి తుడిస్తే ఇద్దరు సైనికులు మధ్యలో జెండా కర్ర పెట్టుకుని నిలబడ్డారు, ఒకాయన చూసి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కుటుంబం కాలంది, క్రీ.శ. 330ల నాటిదన్నాడు.

నాలుగో రోజు వాన సన్నగా పడుతోంది. ఇనుముకైతే డిటెక్టర్ చెవిలో గురగురమంటుంది, ఈసారి వచ్చిన చప్పుడు అలా కాదు, సన్నగా, తెగకుండా, అటు తిప్పినా ఇటు తిప్పినా అదే చోట. పారతో గడ్డ తీసి తిరగేస్తే గుంటలో ఏం లేదు, గడ్డలోనే ఉంది. బంకమట్టి వేళ్ళతో చిదుపుతూ పోతే సగం చంద్రుడిలా నల్లటి రేకు ముక్క, వేలిగోరు కన్నా కొంచెం చిన్నది. విరిగిపోయిందనుకుని బాధపడ్డాను. మా గైడ్ అరచేతిలో పెట్టుకుని, తిన్నగా ఉన్న అంచు చూపించి, ఇది విరగలేదు, కోశారు అన్నాడు. ఇంగ్లండ్‌లో రాజుల కాలపు వెండి నాణెం పెన్నీ, దాని వెనక శిలువ గుర్తుండేది, చిల్లర కావాలంటే ఆ శిలువ గీత వెంబడే కత్తిరించి సగం, పావు చేసుకునేవారు, 1279-80లో మొదటి ఎడ్వర్డ్ రాజు గుండ్రటి చిల్లర నాణేలు వేయించాకే ఆ కోతలు తగ్గాయి. నాది శిలువ చేతులు అంచుదాకా ఉన్న రకం, అంటే 1247 తర్వాతిది. సుమారు ఏడు వందల యాభై ఏళ్ళ కిందట ఎవరో సంతలో చిల్లర కోసం కోయించుకుని, ఇంటికెళ్తూ ఈ పొలంలో జారవిడుచుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగా.

సాయంత్రం రైతు భార్య వంటింట్లోకి పిలిచి టీ ఇచ్చింది. కిటికీ పక్కన చెక్క ట్రే, అందులో వాళ్ళ పొలాల్లో దొరికినవన్నీ గళ్ళు గళ్ళుగా, ప్రతి గడిలో చిన్న కాగితం మీద పొలం పేరు, తేదీ. నా సగం పెన్నీ కూడా రికార్డయ్యాక అక్కడికే చేరుతుంది, నేనే ఇచ్చేశాను. దాన్ని మనతో తేవాలంటే ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలి, అదంతా ఎందుకు, అది ఆ పొలం సొమ్ము.

రూల్స్ మాత్రం గట్టివి. పొలం యజమాని అనుమతి లేకుండా కాలు పెట్టకూడదు, రక్షిత స్థలాల్లో లైసెన్స్ లేకుండా డిటెక్టర్ వాడితే నేరం. 1996 ట్రెజర్ చట్టం ప్రకారం 300 ఏళ్ళు దాటి, పదో వంతైనా బంగారమో వెండో ఉన్న వస్తువు దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి, బంగారు, వెండి నాణేలైతే ఒకచోట రెండు దొరికినా చెప్పాలి. మిగతావి దొరికిన వస్తువులు నమోదు చేసే పథకంలో తమ ఇష్టంతోనే జనం రాయిస్తారు, అలా నమోదైనవి 15 లక్షలు దాటాయి. 1992లో సఫోక్ జిల్లాలోని హాక్సన్‌ అనే ఊళ్ళో ఒకాయన స్నేహితుడైన రైతు పారేసుకున్న సుత్తి వెతుకుతుంటే పెట్టెలో దాచిన రోమన్ల బంగారం, వెండి బయటపడింది. ఆయన కొంత తీసి, అంతటితో ఆపి అధికారులకి చెప్పాడు, అందుకే పెట్టె అడుగున ఏది ఎలా సర్దారో కూడా తెలిసింది. దాదాపు 15 వేల నాణేలు. ఆ నిధితో పాటు ఆ సుత్తి కూడా బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

చివరి రోజు కోల్చెస్టర్ కోట తప్పకుండా చూడండి. క్లాడియస్ చక్రవర్తి గుడి పునాదుల మీద ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లు కట్టారు, గోడల్లో రోమన్ ఇటుకలు కనిపిస్తాయి. క్రీ.శ. 60-61లో రోమన్ల మీద తిరగబడిన బూడికా రాణి ఊరు తగలబెట్టినప్పుడు ఎవరో నేలలో దాచుకున్న చెవి రింగులు, గాజులు 2014లో హై స్ట్రీట్‌లో బయటపడ్డాయి, అవీ అక్కడున్నాయి. ఒక్క గంటలో అవదు, పూట పెట్టుకోండి.

ఇది చదివి మెషిన్ కొనుక్కుని మా జిల్లాలో పాతకాలపు చోట్లైన ముఖలింగం పక్కనో దంతవరపుకోట మీదో తిరుగుదామని మాత్రం అనుకోవద్దు దయచేసి. మన దగ్గర 1878 నాటి చట్టం ఇంకా ఉంది, పది రూపాయల విలువ దాటిన నిధి నేలలో దొరికితే కలెక్టర్‌కి చెప్పాలి, రక్షిత స్థలాల్లో తవ్వడం నేరం. కానీ శాలిహుండం ఎక్కి చూడండి. 1919లో గిడుగు రామమూర్తి గారు దాన్ని వెలుగులోకి తెచ్చారు, వాడుక భాష కోసం పోరాడిన ఆయనే, ముఖలింగం శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్నాయన. స్తూపాలు చూసి, అక్కడి మ్యూజియంలో బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు చూసి, పైనుంచి వంశధార చూస్తే పొద్దెలా పోతుందో తెలీదు, ఎండెక్కకముందే ఎక్కండి, నీళ్ళు పట్టుకెళ్ళండి.

మా గట్టు మీద ఇటుకలు ఇంకా మూడు మిగిలాయి. వచ్చిన వారమే వెళ్ళి టేపుతో కొలిచాను, ఫోటోలు తీశాను, పొలంలో ఏ చెక్కలో ఏ మూల పడున్నాయో మా అమ్మని అడిగి రాసుకున్నాను. సంక్రాంతికి ఆ కాగితం, ఫోటోలు పట్టుకుని మ్యూజియం వాళ్ళకి చూపిస్తాను.