టైల్స్ అయ్యాక ‘ఇక్కడో కన్నం కావాలి’ అంటే: విశాఖలో కోర్ కటింగ్ సర్వీసు ఎంతవరకు ఆదుకుంటుంది?

రెండో కోటు పెయింటు పడ్డాక ఏసీ పక్క గదిలోకి మారుతుంది. వంటింట్లో టైల్స్ అతికించాక చిమ్నీ గుర్తొస్తుంది. గృహప్రవేశం దగ్గర పడ్డాక వాస్తు చూసే ఆయన వచ్చి కమోడ్ ఉత్తర దక్షిణాలుగా లేదంటారు. ఇళ్లు, ఫ్లాట్ల పనులు పట్టే చిన్న కాంట్రాక్టర్‌కు ఇవి అరుదైన కష్టాలు కావు, ప్రతి సైటులో ఏదో ఒకటి తప్పదు. ఇలాంటప్పుడు ఉలీ సుత్తీ పక్కన పెట్టి ఫోన్ చేసి పిలిపించుకునే డైమండ్ కోర్ కటింగ్ సర్వీసు మీద ఈ సమీక్ష. ఏ ఒక్క ఆపరేటర్ గురించీ కాదు. మిషన్ ఆటోలో వేసుకుని వచ్చి, పని చేసి, డబ్బు తీసుకుని వెళ్లే చిన్న సర్వీసులన్నీ దాదాపు ఒకే పద్ధతిలో నడుస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తే: కన్నం వేయడంలో వీళ్లకు వంక పెట్టలేం. కానీ కన్నానికి ముందు చేయాల్సినవీ తర్వాత చేయాల్సినవీ వాళ్ల పని కాదు, వాళ్ల బిల్లులో ఉండవు. ఓనరుగారికి చెప్పే రేటులో ఆ రెండూ లేకపోతే నష్టం కాంట్రాక్టర్ జేబులోంచే.

మిషన్ సంగతి. గొట్టం లాంటి బిట్టు అంచున డైమండ్ పలుకులుంటాయి. అది గుద్దదు, తిరుగుతూ అరగదీస్తుంది. అందుకే చుట్టుపక్కల టైలు చిట్లదు, ప్లాస్టరు గుల్లబారదు, పక్క ఫ్లాటు వాళ్ల గోడ అదరదు. బ్రేకర్‌తో కొట్టిస్తే అయ్యేది కూలీ ఖర్చొక్కటే కాదు. నాలుగున్నర అంగుళాల ఫ్లైయాష్ ఇటుక గోడలో కన్నం చుట్టూ రెండు మూడు ఇటుకలు కదులుతాయి, వాటి మీద టైల్స్ డొల్ల మోగుతాయి. కోర్ కటింగ్‌కు అదనంగా పోసే డబ్బు అక్కడే తిరిగొస్తుంది.

సైజుల్లో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గొట్టం సైజు చెప్పి అదే సైజు కన్నం అడిగితే గొట్టం దూరదు, దూరినా చుట్టూ పూడ్చడానికి సందు ఉండదు. మురుగు, వాన నీళ్లకు వాడే 110 మిల్లీమీటర్ల ఎస్‌డబ్ల్యూఆర్ పైపుకు 5 అంగుళాల బిట్టు, అంటే 127 మిల్లీమీటర్లు. చుట్టూ ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, గ్రౌట్ (సందు పూడ్చే సిమెంటు మిశ్రమం) దిగడానికి అదే కనీసం. 75 మిల్లీమీటర్ల పైపుకు 4 అంగుళాలు. స్ప్లిట్ ఏసీకి రెండు రాగి గొట్టాలు, డ్రెయిన్, కేబుల్ కలిపి టేపు చుట్టాక రెండున్నర అంగుళాలు సరిపోతాయి. చిమ్నీకి ఎక్కువగా 6 అంగుళాల డక్ట్ వస్తుంది కాబట్టి ఆరున్నర బిట్టు ఉందా అని ఫోన్లోనే అడగాలి. బయట జాలీ మూత పెట్టేట్టయితే దాని మెడ కొలత కూడా చూసుకోవాలి.

ఇక అసలు సంగతి, మార్కింగ్. మీరు చాక్‌పీసుతో సున్నా చుట్టిన చోటే ఆపరేటర్ కోస్తాడు. కింద ఏముందో చూడటం అతని బాధ్యత కాదు, మార్కింగ్ పార్టీదేనని చాలామంది ముందే చెబుతారు. ఏ గోడలో ఏముందో తెలియాలంటే ప్లాస్టరుకు ముందు ప్రతి గోడనూ టేపు పెట్టి ఫోటో తీసి ఉంచుకోవడాన్ని మించిన పరికరం లేదు. ఆ ఫోటోలు లేని పాత ఫ్లాటైతే డిటెక్టర్ కావాలి. బాష్ జీఎంఎస్ 120 లాంటి చేతి డిటెక్టర్ ఇనుమును 120 మిల్లీమీటర్ల లోతు వరకు, రాగిని 80 వరకు, కరెంటు పారుతున్న వైరును 50 వరకు పసిగడుతుంది. దాని పరిమితి కూడా తెలిసుండాలి. గోడలో దాగిన సీపీవీసీ (ప్లాస్టిక్) నీటి పైపు దానికి కనపడదు. అందుకే కోతకు ముందు ఇంటి మెయిన్ వాల్వు కట్టేసి, కుళాయి విప్పి ఒత్తిడి దించేయాలి. కుళాయి, డైవర్టరు, గీజరు పాయింట్ల నుంచి నిలువుగా, అడ్డంగా ఊహాగీతలు గీసి వాటికి నాలుగంగుళాల దూరంలో కోయాలి. పని అయ్యాక వాల్వు తిప్పి, అన్ని కుళాయిలూ కట్టేసి, వాటర్ మీటరు ముల్లు కదులుతోందేమో ఓ అరగంట చూడాలి. మీటరు లేకపోతే ప్లంబరు దగ్గరుండే ప్రెషర్ పంపుతో లీకు పరీక్ష చేయించాలి.

స్లాబులో రాడ్ల లెక్క ఇంకా సున్నితం. రాడ్లు రెండు వైపులా ఆరంగుళాల దూరంలో ఉంటే వాటి మధ్య ఖాళీ దాదాపు 142 మిల్లీమీటర్లు. 127 కన్నం అందులో ఇముడుతుంది గానీ అటూ ఇటూ ఏడు మిల్లీమీటర్లే మిగులుతాయి. డిటెక్టర్‌తో గళ్లు గీసుకుని, సరిగ్గా మధ్యలో మార్క్ చేస్తేనే రాడ్డు తెగదు. రాడ్లు ఐదంగుళాల దూరంలో ఉంటే ఎంత జాగ్రత్తపడ్డా తెగుతుంది. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా బిట్టు దించకూడదు. ‘ఒక్క రాడ్డేగా సార్’ అని ఆపరేటర్ భరోసా ఇస్తే నమ్మాల్సిన పని లేదు. రేపు పగులు వస్తే మాట పడేది అతను కాదు.

కొన్ని చోట్ల ఈ సర్వీసును పిలవనే కూడదు. బీములో, పిల్లర్‌లో వద్దు. కమర్షియల్ కాంప్లెక్సుల్లో కనిపించే పోస్ట్ టెన్షన్డ్ స్లాబు జోలికి అసలే వెళ్లొద్దు, లాగి బిగించిన కేబుల్ తెగితే అది స్లాబుకూ ప్రమాదమే, మిషన్ పట్టుకున్న మనిషికీ ప్రమాదమే. మధురవాడ, కొమ్మాది వైపు కొత్త టవర్లలో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడలూ కాంక్రీటుతోనే పోసి కట్టినవి ఉంటే, అక్కడ ‘గోడే కదా’ అనుకున్నది నిజానికి భారం మోసే కాంక్రీటు. తట్టి చూస్తే తెలుస్తుంది, మేకు దిగదు. అలాంటి ఫ్లాట్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 నాటి రెరా చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణ లోపం కనిపిస్తే బిల్డరే సరిచేయాలి. ఈలోగా మీరు గోడ కోస్తే, తర్వాత చెమ్మ వచ్చినా పగులు వచ్చినా బిల్డరు చూపించేది ఆ కన్నాన్నే. బిల్డరు దగ్గర రాతపూర్వక అనుమతి తెమ్మని ఓనరుగారికే చెప్పాలి. కాంట్రాక్టర్ పూచీ పడకూడదు.

సైటులో సిద్ధం చేయాల్సినవి ఎవరూ ముందు చెప్పరు. స్టాండు కదలకుండా నేలకో గోడకో యాంకర్ బోల్టు కొడతారు. అంటే మీరు అడిగిన కన్నం కాక, దానికి అడుగు దూరంలో ఇంకో చిన్న కన్నం. పూర్తయిన టైలు నడిమధ్య ఆ మచ్చ పడితే ఓనరుగారు దాన్నే చూస్తారు. బోల్టు టైల్స్ జాయింటులోనో కప్‌బోర్డు కప్పేసే చోటో పడేలా స్టాండు ఏ దిక్కున నిలబెట్టాలో ముందే చూపించాలి. కరెంటుకు 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, కిచెన్‌లోని ఓవెన్ పాయింటు మంచిది. నీళ్లతో చేసే పని కాబట్టి ఆ లైన్ మీద 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) ఉండి తీరాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు సన్న వైరు వాడితే మోటారు ఈడ్చుకుంటుంది, బిట్టు ఇరుక్కుంటుంది, ఆ తిప్పలకు పట్టిన గంటలు కూడా మీ ఖాతాలోకే.

నీళ్లకు ఓ డ్రమ్ము నింపి ఉంచండి. కోతలో బయటికొచ్చే బూడిదరంగు బురద సిమెంటుతో సమానం. దాన్ని బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే నానీ ట్రాప్‌లోకి తోసేస్తే మర్నాటికి అక్కడే గడ్డకడుతుంది, ట్రాప్ మార్చాల్సి వస్తుంది. బకెట్లలో ఎత్తించి బయట పారబోయించాలి. విట్రిఫైడ్ టైల్ మీద ఆరిపోతే తెల్లటి మరక ఉండిపోతుంది కాబట్టి చుట్టూ ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులకు టేపు వేయించండి.

కింద పడేదాని సంగతి చాలామంది మర్చిపోతారు. 5 అంగుళాల స్లాబులో 5 అంగుళాల కన్నం వేస్తే ఊడిపడే కాంక్రీటు దుంగ దాదాపు నాలుగు కిలోలుంటుంది. కింది ఫ్లాటు బాత్రూములో ఫాల్స్ సీలింగుంటే అది చీల్చుకుని పోతుంది. కింది వాళ్ల అనుమతి, అక్కడో మనిషి, ఆనించి నిలబెట్టిన ప్లైవుడ్, బకెట్టు ఇవన్నీ ముందే సర్దుకోవాలి. తొమ్మిదంగుళాల బయటి గోడలో చిమ్నీ కన్నమైతే దుంగ ఎనిమిది కిలోల దాకా ఉంటుంది, అది ఐదో అంతస్తు నుంచి వీధిలోకి జారొచ్చు. కింద తాడు కట్టి ఒకరిని నిలబెట్టకుండా మిషన్ ఆన్ చేయనివ్వకండి. బయట బాల్కనీ అందే చోటైతే ముందు సన్న డ్రిల్లుతో గోడ అవతలికి తేలేలా చిన్న కన్నం వేయించి, సగం లోపలి నుంచి, సగం బయటి నుంచి కోయించాలి. అలా చేస్తే బయటి ప్లాస్టరు పెచ్చు లేవదు.

ఆపరేటర్ వెళ్లిపోయాక మొదలయ్యే పనే కష్టమైనది. పీవీసీ పైపు నున్నగా ఉంటుంది, గ్రౌట్ దాన్ని పట్టుకోదు. స్లాబులో ఉండే భాగాన్ని ఉప్పుకాగితంతో గరుకు చేసి, సాల్వెంట్ సిమెంటు పూసి, దాని మీద పొడి ఇసుక చల్లి ఆరనిచ్చాక దించాలి. తెగిన రాడ్డు మొన ఏదైనా కనిపిస్తే తుప్పు దులిపి జింక్ ప్రైమర్ పట్టించాలి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎం.వి.పి. కాలనీ వైపు ఇది మరీ ముఖ్యం. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం) ‘తీవ్ర’ వర్గం కింద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డు మీద అంత మందం కాంక్రీటు, అడుగుతుంది, మీరు కోసిన చోట కవరు సున్నా. నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరాక కుంచించుకుపోనిది) రెండు విడతల్లో పోయాలి. సగం పోసి ఆరాక నీళ్లు నిలబెట్టి చూసి, చుక్క దిగకపోతే మిగతాది. ఆపైన వాటర్‌ప్రూఫింగ్ కోటు పైపు మీదకి కూడా ఎక్కేలా వేసి, 48 గంటలు నీళ్లు నిలబెట్టాలి. ఈ రెండు రోజులు ఓనరుగారికి చెప్పిన గడువులో ఉండాలి. ముహూర్తం తరుముతోందని ఈ పరీక్ష ఎగ్గొడితే కింది ఫ్లాటు వాళ్లు మీ నంబరు సంపాదిస్తారు.

బయటి గోడల్లో కన్నం ఎప్పుడూ బయటికి వాలాలి, ఏసీకి లోపలి నుంచి బయటికి అర అంగుళమైనా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు చూసిన ఊరికి అడ్డంగా కొట్టే వాన గురించి వేరే చెప్పనక్కర్లేదు. పీయూ ఫోమ్ ఒక్కటే నింపి వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. ఎండకు అది పసుపెక్కి పొడిపొడి అవుతుంది. పైన సీలెంటో పాలిమర్ మోర్టారో ఉండాలి.

బిల్లు రెండు రకాలుగా వేస్తారు. కన్నానికి ఇంత అని ఒకటి. బిట్టు అంగుళాలను లోతు అంగుళాలతో గుణించి, అంగుళానికి ఇంత అని రెండోది. అలా 5 అంగుళాల బిట్టుకు, 5 అంగుళాల స్లాబుకు లెక్క 25 అవుతుంది. ఏ పద్ధతో, లోతు ప్లాస్టరుతో కలిపా విడిగానా, కనీస ఛార్జీ ఎంత, 18 శాతం జీఎస్టీ అందులోనా బయటా అన్నది ముందే వాట్సాప్‌లో రాయించుకోవాలి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 18 శాతం మీకు తిరిగి రాదు, అదీ ఖర్చే. గాజువాక నుంచి మధురవాడకు మిషన్ రావడానికే సగం పూట పోతుంది కాబట్టి ఒక్క కన్నానికి పిలవడం దండగ. ఓనరుగారు ఒకటి అడిగిన రోజే ఇల్లంతా తిప్పి, వాషింగ్ మిషన్ డ్రెయిన్, ఎగ్జాస్ట్ ఫ్యాను, ఇంకో ఏసీ అన్నీ అడిగి ఒకేసారి మార్క్ చేయించండి.

ఓనరుగారికి పంపే మెసేజ్ ఇంత పొడిగా ఉంటే చాలు: ‘సర్, మీరు చెప్పిన చిమ్నీ కన్నం ఒప్పందంలో లేని అదనపు పని. కోత, అమరిక, పూడ్పు, పెయింటు టచప్ అన్నీ కలిపి మొత్తం ఇంత. పని ముగియడం రెండు రోజులు ఆలస్యమవుతుంది. సరే అని రిప్లై ఇస్తే రేపు మిషన్ చెబుతాను.’ మొత్తం ఒకే అంకెగా చెప్పాలి. కోత రేటు విడిగా చూపిస్తే, మిగతాదంతా ఎందుకని బేరం అక్కడే మొదలవుతుంది. సరే అన్న రిప్లై రాకముందు మిషన్ బుక్ చేయొద్దు, వాస్తు ఆయన మళ్లీ రావచ్చు.

ఇటుక గోడలో ఒక్క ఏసీ కన్నానికైతే ఈ సర్వీసు అక్కర్లేదు. ఏసీ బిగించే కుర్రాళ్ల దగ్గరే చేతిమిషన్‌కు తగిలించే పొడి బిట్టు ఉంటుంది, దుమ్ము ఎక్కువైనా పని అవుతుంది. తలుపో కిటికీయో పెట్టాలన్నా ఇది సరైన దారి కాదు, వరుసగా కన్నాలు వేసి విరగ్గొట్టే బదులు వాల్ సా (గోడ కోసే రంపం మిషన్) ఉన్నవాళ్లను వెతకాలి. స్లాబు, కాంక్రీటు గోడ, టైల్స్ పూర్తయిన తడి గదులు, ఈ మూడింటికీ కోర్ కటింగే. ఫోన్ చేసేటప్పుడు కన్నం సైజు, గోడ రకం, మందం, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, 16 ఆంపియర్ల పాయింటు ఎంత దూరం, అసోసియేషన్ ఏ గంటల్లో చప్పుడు ఒప్పుకుంటుందో చెప్పి, మార్క్ చేసిన ఫోటో పంపండి. ఇవేవీ అడగకుండా ‘వచ్చేస్తాం సార్’ అనే ఆపరేటర్ కన్నా, విసుగొచ్చేంత ప్రశ్నలు వేసే ఆపరేటర్‌కే పని ఇవ్వండి.