హనుమకొండ కరెంటు మీద 650 వాట్ల ఎస్ఎంపీఎస్: మూడేళ్ల తర్వాత

2022 దీపావళికి ముందు ఈ గేమింగ్ పీసీ కట్టించుకున్నాను. గ్రాఫిక్స్ కార్డులతో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ సంపాదించే మైనింగ్ సెప్టెంబరులో ఆగిపోయి, వాటి ధరలు కాస్త దిగొచ్చిన రోజులవి. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ జోడీ సంగతి అందరికీ తెలిసిందే. నేను రాస్తున్నది ఎస్ఎంపీఎస్ గురించి, అంటే గోడ కరెంటును పీసీకి కావాల్సిన డీసీగా మార్చి ఇచ్చే డబ్బా గురించి. షాపులో "కేబినెట్‌తోనే ఒకటి వస్తది కదన్నా, దానికి అంత పెట్టుడెందుకు" అన్నారు. నేను ర్యామ్‌ను 32 జీబీ నుంచి 16కు తగ్గించుకుని, మిగిలిన డబ్బుతో 650 వాట్లది, గోల్డ్ ముద్ర ఉన్నది తీసుకున్నాను. ఆ పీసీ విషయంలో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని అదే అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఎండాకాలం సాయంత్రం గాలివాన మొదలైతే మా వాడలో ట్యూబులైటు కొట్టుకుంటుంది, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, ఫ్రిజ్ స్టెబిలైజర్ టక్కుమని ఆగిపోతుంది. పీసీలో ఆట మాత్రం ఉన్నది ఉన్నట్టే నడుస్తుంది. ఈ ఎస్ఎంపీఎస్ ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టుల దాకా. వచ్చిన కరెంటును లోపలి యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూట్ ముందు 380, 400 వోల్టుల డీసీ దాకా ఎత్తి, అక్కడి నుంచి 12 వోల్టులకు దించుతుంది. అందుకే బయట తగ్గినా లోపల తెలియదు. మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది.

అయితే మొదటి నెలలోనే దీన్ని అనుమానించాను. కాళ్లకు చెప్పులు లేకుండా కేబినెట్ ముట్టుకుంటే చేయి జిల్లుమనేది. ఒకసారి మానిటర్ కేబుల్ పెడుతుంటే చిన్న మెరుపు కూడా వచ్చింది. అమ్మ "ఆ డబ్బాను ముట్టకు బిడ్డా" అని గదిలోకి వచ్చినప్పుడల్లా అనేది. ఎస్ఎంపీఎస్ పాడైందనుకుని మొత్తం పీసీని ఆటోలో షాపుకు తీసుకెళ్లాను. అక్కడ రెండు గంటలు నడిపారు. నేను కూడా చేయి పెట్టి చూశాను, ఏమీ లేదు. ఇంటికి తెచ్చి ప్లగ్గు పెట్టగానే మళ్లీ జిల్లు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టిన బల్బును ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే వెలిగింది. ఫేజుకీ సాకెట్ పై రంధ్రానికీ పెడితే వెలగలేదు. "మిషన్‌కేం కాలే తమ్మీ, మీ ఇంటికి ఎర్తింగే లేదు" అన్నాడు. బోర్డు విప్పితే ఆ మూడో రంధ్రం వెనక భూమిలోకి పోవాల్సిన వైరే లేదు. ఎస్ఎంపీఎస్ ఫిల్టర్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో దాదాపు సగం వోల్టేజీ నిలుస్తుంది. మీటరు పెడితే 108 చూపించింది. కరెంటు చాలా తక్కువే కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ కేబుళ్లు పెట్టి తీసేటప్పుడు పోర్టులు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఓనర్‌ను ఒప్పించడానికి వారం పట్టింది, ఖర్చు చెరి సగం. పెరట్లో మూడడుగులు తవ్వేసరికి గట్టి మొరం. గడ్డపారతో ఇద్దరు ఒక పూట కష్టపడి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చారు. అంతే, కేబినెట్ మీద జిల్లు పోయింది. ఎండలు ముదిరితే ఆ గుంత ఆరిపోయి కొంచెం మళ్లీ మొదలవుతుంది. అందుకే ఏప్రిల్ నుంచి వారానికోసారి అందులో బిందెడు నీళ్లు పోస్తాను.

"ఇది ఉంటే కరెంటు సంగతే మర్చిపోవచ్చు" అని దోస్తులకు చెప్పాను. అంతదూరం అనాల్సింది కాదు. నా 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. కార్డు ఒక్కటే 170 వాట్లు తాగుతుంది. మంచి ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూత పెట్టి ఆగిపోతుంది, దాంతో పీసీ కూడా. ఉత్తగా బ్రౌజింగ్ చేస్తుంటే నిలబడుతుంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లుమెట్ల కరెంటు అలకు (వేవ్), యాక్టివ్ పీఎఫ్‌సీకి ఒక్కోసారి పొసగదు కూడా. గోడ కరెంటులాగే నున్నటి అల ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తీసుకోవాలి, ధర చూసి వాయిదా వేస్తున్నాను. గోల్డ్ ముద్ర గురించి కూడా ఒక మాట: అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో చెబుతుంది, అంతే. రోజుకు రెండు గంటలు ఆడే నాకు బిల్లులో తేడా కనిపించలేదు. దాని కన్నా కింది మెట్టు అయిన బ్రాంజ్ ముద్రలో మంచిది దొరికి ఉంటే నా అవసరానికి సరిపోయేదేమో.

కొత్త అపార్ట్‌మెంట్‌లో, జనరేటర్ ఉన్నచోట ఉండేవాళ్లు ఆ డబ్బు కార్డు మీద పెట్టుకున్నా తప్పులేదు. నాలాగా పాత అద్దె ఇంట్లో ఉంటే మాత్రం ఎస్ఎంపీఎస్ దగ్గర తగ్గకండి, కానీ ముందు ఎర్తింగ్ చూసుకోండి. మేం వచ్చే నెల ఇల్లు మారుతున్నాం. ఇప్పటికి మూడు ఇళ్లు చూశాం, రెండింటికి ఎర్తింగ్ లేదు. ఇల్లు చూడ్డానికి వెళ్లిన ప్రతిసారీ ఆ బల్బు, హోల్డర్ సంచిలో పెట్టుకునే వెళ్తున్నాను.