పాత కిటికీలు మార్పిస్తున్నారా? "అన్నీ పోయాయి" అనే మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి

"ఫ్రీగా వచ్చి మీ కిటికీలు చూస్తాం" అంటూ కాలనీల్లో తిరిగే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీల వాళ్లతో మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి తెలిస్తే, ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టొచ్చు.

మాది నల్గొండలో నాన్న కట్టించిన పాత ఇల్లు. కిటికీలన్నీ టేకువి, ఇనుప చువ్వలతో, రెండు చెక్క రెక్కలతో ఉండేవి. వాన కొడితే పడమటి గదిలో రెండు కిటికీల కింద గోడ తడుస్తోందని వాళ్లను పిలిచాం. వచ్చినతను టేపు తీసి ఇల్లంతా కొలుచుకున్నాడు. ఒక్క చోట కూడా చెక్కను నొక్కి చూడలేదు. "పాత చెక్క సార్, అన్నీ పోయినట్టే. మార్చేస్తే ఏసీ బిల్లు సగం తగ్గుతుంది. పాత సామాను మేమే ఫ్రీగా తీసుకుపోతాం" అన్నాడు.

ఆ చివరి మాటలోనే అసలు లాభం ఉంది. పాత టేకుకు మార్కెట్లో మంచి ధర వస్తుంది. మన చెక్కను ఉచితంగా పట్టుకుపోతూ, మనకేదో సాయం చేస్తున్నట్టు చెప్తారు. మేం అతని మాట నమ్మి మార్పించాం. బండిలో పట్టక వాళ్లు పెరట్లో వదిలేసిన ఫ్రేములను తర్వాత మా వడ్రంగి పెద్దాయన చూశాడు. తడిసిన కిటికీకి కింది చెక్క ఒక్కటే మెత్తబడిందని, మిగతాదంతా గట్టిగా ఉందని చూపించాడు. "గిసొంటి టేకు మళ్ల దొరకదు బిడ్డా" అన్నాడు. నీళ్లు రావడానికి కారణం కూడా ఆయనే చెప్పాడు. కిటికీ బయట గట్టు వాలు గది వైపుకు ఉంది. ఆ వాలు సరిచేసి, కింది చెక్క మార్చితే అయిపోయే పని.

కొత్తవి పెట్టాక మొదటి పెద్ద వానకే అదే చోట నీళ్లు వచ్చాయి. వాలు అలాగే ఉంది మరి. పైగా స్లైడింగ్ కిటికీ కింది పట్టాలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి సన్నని రంధ్రాలు ఉండాలి. మా వాటికి అవి పెట్టనే లేదు. ఫోన్ చేస్తే సిలికాన్ పూసి వెళ్లారు. రెండో ఎండాకాలానికి ఎండ తగిలే వైపు ఫ్రేములు పసుపు పచ్చగా తిరిగాయి, పొడుగు రెక్కలు మధ్యలో వంగాయి.

ఎందుకిలా అవుతుందో అందరూ తెలుసుకోవాలి. యూపీవీసీ ఎండకు పాడవకుండా టైటానియం డయాక్సైడ్ కలుపుతారు. అది ఖరీదైనది. చవక రకాల్లో అది తగ్గించి సుద్ద పొడి పెంచుతారు. కొత్తలో రెండూ ఒకేలా తెల్లగా మెరుస్తాయి. ఇక బలం కోసం ఫ్రేము లోపలి గొట్టంలో జీఐ (జింకు పూత వేసిన) ఇనుప పట్టీ ఉండాలి. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే మన ఊళ్లలో అది లేని పెద్ద రెక్క నిలబడదు. ఫిట్టింగ్ కంటే ముందే గట్టి అయస్కాంతం ఒకటి తెచ్చి ఫ్రేము పొడవునా ఆనించి చూడండి. పట్టకపోతే లోపల ఇనుము లేదన్నట్టే. కోసిన ముక్క చూపించమని అడగండి, లోపలిదంతా కనిపిస్తుంది.

వేడి సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. మా చెక్క రెక్కలు మూస్తే పడమటి ఎండ ఆగేది. ఇప్పుడు మామూలు ఒంటి అద్దం, ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. ఫ్రేము ఏదైనా, సాదా అద్దం ఎండను ఆపదు. బయట సజ్జో తడకో ఉంటేనే నయం. లోపల పరదా వేస్తే అప్పటికే వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది. రెండు రెక్కల స్లైడింగ్‌లో తెరుచుకునేది సగమే. కరెంటు పోయిన రాత్రి అమ్మ ఆ సగం కిటికీ దగ్గర కూర్చుని గాలి కోసం చూస్తుంటే నాకు కోపం ఆగలేదు. పాత ఫ్రేముతో పాటు చువ్వలు కూడా పోయాయి కాబట్టి గ్రిల్‌కు వేరే డబ్బు. ఫ్రేములు పీకినప్పుడు గోడ పెచ్చులు ఊడాయి, ఆ ప్లాస్టరింగ్ ఖర్చూ కొటేషన్‌లో లేదు.

మార్చాల్సిన కిటికీలు ఉండవని కాదు. స్క్రూడ్రైవర్ మొనతో కింది చెక్కను, మూలలను పొడిచి చూడండి. లోపలికి దిగబడితే కుళ్లింది. తట్టితే బోలుగా మోగి, గోడ వెంట మట్టి గీతలు కనిపిస్తే చెద పట్టింది. ఇనుప కిటికీ తుప్పు ఉబ్బి గోడను చీలుస్తుంటే అదీ తీసేయాలి. ఇంతదాకా వస్తే మార్పించండి, ఆ కిటికీ వరకే. వానాకాలంలో రెక్క బిగుసుకోవడం చెక్క తేమకు ఉబ్బడం వల్ల. అప్పుడే చిత్రిక పట్టిస్తే ఎండాకాలంలో సందు పడుతుంది, ఆరేదాకా ఆగాలి. బందులు వదులైతే పొడుగు స్క్రూలు, అద్దం కదిలితే కొత్త లప్పం చాలు.

బిల్లు విషయంలో గట్టిగా ఉండండి. యూపీవీసీ కిటికీల మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే అది తగ్గిస్తాం" అని మమ్మల్నీ అడిగారు. మేం బిల్లే తీసుకున్నాం, ఇప్పుడు చేతిలో ఉన్న ఆధారం అదే. కొటేషన్‌లో అద్దం మందం, ఇనుప పట్టీ, దోమల జాలీ, గ్రిల్, గోడ మరమ్మతు ఎవరిదో విడివిడిగా రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేకుండా కేసు వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. మేం వేస్తున్నాం. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఉంటే, పాత ఫ్రేములకు చేయి పెట్టనివ్వకముందే కొత్త వాటికి అయస్కాంతం పెట్టి చూడండి, పీకిన టేకును మాత్రం మీ పెరట్లోనే ఉంచుకోండి.