డిలన్ పక్కన పెట్టేసిన టేకులు: చిన్న సీడీ మేలా, పెద్ద పెట్టె మేలా?

మా బావకి కోవూరు దగ్గర రైసు మిల్లు ఉంది. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు, నా బీరువాలో వరసగా ఉన్న అమెరికా పాటగాడు బాబ్ డిలన్ సీడీ పెట్టెల్లో ఒకదాన్ని తీసి, తూకం వేస్తున్నట్టు అరచేతిలో ఆడించాడు. లోపలున్న పాటల పట్టీ తిరగేశాడు. ఒక సీడీ నిండా ఒకే పాట పేరు, ఇరవై సార్లు.

"ఏందబ్బయా ఇది, అచ్చు తప్పా?"

"కాదు బావా. అదే పాట, ఇరవై టేకులు."

"పుట్టి వడ్లు ఆడిస్తే మేం బియ్యం అమ్ముకుంటాం. నువ్వు ఊక కూడా బియ్యం రేటుకి కొనుక్కొచ్చినట్టుండావే!"

మా నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. మర ఆడించాక అందులో ఊక పోతుంది, తవుడు పోతుంది, నూకలు పక్కకి వస్తాయి. అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను గానీ, రాత్రి పడుకున్నాక ఆ మాట వదల్లేదు. ఇన్నేళ్లుగా ఈ పెట్టెలకి పోసిన డబ్బులో బియ్యానికి ఎంత పోయింది, ఊకకి ఎంత పోయింది? పైగా తెలిసిన కుర్రాళ్లు ఒకరిద్దరు "అన్నా, డిలన్ ఔట్‌టేకులు వినాలంటే చిన్న ఎడిషన్ చాలా, పెద్దది కొనాలా" అని అడుగుతున్నారు. సరే, లెక్క తేల్చుకుందామని ఒక్కొక్క పెట్టే కిందికి దించాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక పాటని స్టూడియోలో పదిసార్లు పాడితే, అంటే పది టేకులైతే, ఒకటి ఆల్బంలోకి వెళుతుంది, మిగతావి టేపుల్లో ఉండిపోతాయి. వాటినే ఔట్‌టేకులంటారు. డిలన్ విషయంలో ఈ మిగులు మీద జనానికి ఉన్న ఆకలి అంతా ఇంతా కాదు. 1969లోనే ఎవరో తెల్ల అట్టలో, పేరు కూడా అచ్చు వేయకుండా ఒక దొంగ రికార్డు తెచ్చారు. దానికి అభిమానులు పెట్టుకున్న పేరు 'గ్రేట్ వైట్ వండర్'. అలాంటివి ఇరవై ఏళ్లు చేతులు మారాక, 1991లో డిలన్ రికార్డు కంపెనీయే 'బూట్‌లెగ్ సిరీస్' అని మొదలుపెట్టింది. బూట్‌లెగ్ అంటే దొంగసరుకే. దొంగలు పెట్టిన పేరుతోనే దొరలు దుకాణం తెరిచారన్నమాట.

నాకు ఈ పిచ్చి అంటింది మాత్రం క్యాసెట్ల కాలంలో. ట్రంకు రోడ్డు షాపులో పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్లో ఎక్కించుకునే రోజులు. మద్రాసులో చదివే స్నేహితుడు ఒకడు 90 నిమిషాల క్యాసెట్టు తెచ్చిచ్చాడు. దాని మీద బాల్‌పెన్నుతో ఒక్క మాట, 'రానివి'. అందులో 'బ్లైండ్ విల్లీ మెక్‌టెల్' అనే పాట ఉంది. 1983లో రికార్డు చేసి, ఆ ఏడాది వచ్చిన 'ఇన్ఫిడెల్స్' ఆల్బంలో పెట్టకుండా వదిలేసిన పాట అది. డిలన్ పియానో, పక్కన మార్క్ నాఫ్లర్ గిటారు, అంతే. ఆ ఆల్బంలో ఉన్న ఏ పాట కన్నా అది మేలని నా గట్టి నమ్మకం. రాసినవాడికే తన పంటలో ఏది బియ్యమో ఏది ఊకో తెలియకపోతే, ఏరుకునే పని మనమే చేసుకోవాలి కదా అని అప్పుడే అనిపించింది.

అందుకే మొదటి మాట: ఒక్కటే కొనగలిగినవాళ్లు 1991లో వచ్చిన ఆ మొదటి మూడు భాగాల సెట్టు తీసుకోండి. మూడు సీడీలు, 58 పాటలు. ఎక్కువ భాగం ఎక్కడా రాని పాటలే గానీ, వచ్చిన పాటకి పదో నకలు కాదు. దీని గురించి వాదన అక్కర్లేదు గనక ముందుకి పోతాను.

చిక్కంతా తర్వాత వచ్చినవాటితోనే. ఒకే సరుకుని రెండు మూడు సైజుల్లో అమ్మడం అలవాటు చేశారు. 2008లో 'టెల్ టేల్ సైన్స్' వచ్చింది. మామూలు ఎడిషన్ రెండు సీడీలు. మూడో సీడీ కావాలంటే ఖరీదైన పెట్టె కొనాల్సిందే. 'మిసిసిపి' అనే పాటకి మూడు రూపాలుంటే, సీడీకి ఒకటి చొప్పున పెట్టారు, మూడోది ఖరీదైన దాంట్లోనే. అభిమానులు మండిపడ్డారు. మండిపడుతూనే కొన్నారు, అది వేరే సంగతి.

ఇంత సరుకు ఒక్కసారిగా బయటికి రావడానికి చట్టం కూడా ఒక కారణం. 2011లో యూరోపియన్ యూనియన్ రికార్డింగుల హక్కుల గడువుని 50 ఏళ్ల నుంచి 70కి పెంచింది. కానీ ఆ 50 ఏళ్లలోపు విడుదల చేయని రికార్డింగుకి ఈ పెంపు లేదు. దాంతో 2012 చివర్లో డిలన్ 1962 నాటి టేపుల్ని ఓ వంద కాపీలు మాత్రం యూరప్‌లో అమ్మి, హక్కు కాపాడుకున్నారు. అటక మీద ధాన్యం ఎలకల పాలవుతుందని తెలిస్తే ఏ రైతైనా సంతకి తోలుతాడు.

ఇక నా అసలు పోటీ మూడింటి మధ్య.

'బేస్‌మెంట్ టేప్స్ కంప్లీట్', 2014. 1966లో మోటారు సైకిలు ప్రమాదం తర్వాత డిలన్ జనానికి దూరంగా ఉండి, 1967లో న్యూయార్క్ రాష్ట్రంలో 'బిగ్ పింక్' అనే గులాబి రంగు ఇంట్లో, తర్వాత 'ద బ్యాండ్' అని పేరుపడ్డ స్నేహితులతో కలిసి సరదాగా పాడుకున్నవి. వాళ్లలో ఒకడైన గార్త్ హడ్సన్ టేపు తిప్పాడు. ఆరు సీడీలు, 138 ట్రాకులు. ఇదే సరుకులోంచి ఏరి 38 పాటలతో రెండు సీడీల 'రా' (ఇంగ్లీషులో పచ్చిది అని) కూడా వేశారు. ఇక్కడ నా ఓటు చిన్నదానికే, కళ్లు మూసుకుని. పెద్ద పెట్టెలో ఆరో సీడీ అయితే రికార్డింగు నాణ్యత బాగాలేనివన్నీ ఒకచోట చేర్చి, చరిత్ర కోసం ఉంచినది. నేను దాన్ని ఒక్కసారి విన్నాను. మైపాడు బీచ్‌లో గాలికి ఎదురుగా నిలబడి ఫోన్ మాట్లాడినట్టుంది. బావ మాట నూటికి నూరుపాళ్లు చెల్లేది ఈ సీడీకే, ఇది ఊక.

రెండోది 'మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్', 2018. 1975 జనవరిలో వచ్చిన 'బ్లడ్ ఆన్ ద ట్రాక్స్' ఆల్బం వెనక కథ ఇది. 1974 సెప్టెంబరులో న్యూయార్క్‌లో నాలుగు రోజుల్లో పాటలన్నీ రికార్డు చేసేశాడు. అట్టలు కూడా అచ్చయ్యాయి. డిసెంబరులో తమ్ముడి మాట విని, మినియాపొలిస్‌లో అక్కడి వాయిద్యగాళ్లతో పదింటిలో ఐదు పాటలు మళ్లీ పాడాడు. అట్టలు అప్పటికే సిద్ధం గనక ఆ వాయిద్యగాళ్ల పేర్లు ఎక్కలేదు. పాపం, వాళ్ల పేర్లు సరిగ్గా అచ్చులో చూడ్డానికి దశాబ్దాలు పట్టింది.

ఇందులో పెద్దది ఆరు సీడీలు, 87 ట్రాకులు. చిన్నది ఒకే సీడీ, 11 పాటలు. నేను ముందు పెద్దదే తెప్పించాను. కస్టమ్స్ సుంకం కట్టి, మూల నలిగిన పెట్టెని కొరియర్ కుర్రాడి దగ్గర తీసుకుని, "ఫోటో తీసి కంప్లయింట్ పెట్టండి సార్" అనే సలహా కూడా ఉచితంగా పొందాను. వారం రోజులు విన్నాను. నిజం చెప్పాలంటే నాలుగో సీడీకి వచ్చేసరికి బడలిక. ఒకే పాట, ఒకే విషాదం, కొద్ది తేడాతో మళ్లీ మళ్లీ. గుండె పగిలినవాడి పక్కన కూర్చుని ఒకసారి వినగలం, తొమ్మిదోసారి అయితే గడియారం చూస్తాం.

ఒంటి సీడీ అలా కాదు. 'ఇడియట్ విండ్' ఆల్బంలో అరుపు, శాపనార్థాలు. న్యూయార్క్ టేకులో అదే పాట గొంతు దించి, అలిసిపోయిన మనిషి తనలో తాను అనుకుంటున్నట్టు ఉంటుంది. 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ' న్యూయార్క్‌లో పాడినప్పుడు మంచం మీద పడుకుని ఉన్నది 'అతను'. మినియాపొలిస్‌కి వచ్చేసరికి 'నేను' అయిపోయాడు. ఒక్క సర్వనామం మారితే ఎవరి కథో తెలిసిపోతుంది. ఇంకోటి, కొన్ని పాటల్లో గిటారు మీద సన్నగా టిక్ టిక్ మని వినిపిస్తుంది. కోటు గుండీలు గిటారు చెక్కకి తగులుతున్న చప్పుడు. ఎవరూ ఆపలేదు, కోటు విప్పమనలేదు. హెడ్‌ఫోన్స్‌లో అది వినిపించిన రోజు నాకు డిలన్ కనిపించాడు. దీని కోసం ఆరు సీడీలు అక్కర్లేదు. ఈ రకం నూకలతో కాచిన జావ బియ్యం అన్నం కన్నా రుచి.

మూడోది 'ద కటింగ్ ఎడ్జ్', 2015. 1965, 66ల్లో పద్నాలుగు నెలల్లో మూడు గొప్ప ఆల్బంలు చేసినప్పటి టేపులు. దీన్ని మూడు సైజుల్లో అమ్మారు. రెండు సీడీలది, ఆరు సీడీలు, 111 ట్రాకులది, 18 సీడీలు, 379 ట్రాకులది. చివరిది 5000 కాపీలే వేశారు, ధర 600 డాలర్లు. అప్పటి మారకంలో నలభై వేలకి దగ్గర. నలభై వేలు పెడితే ఆ రోజుల్లో ఇంటికి మంచి ఫ్రిజ్జు వచ్చేది. మా ఆవిడ నాకా విషయం చెప్పకముందే నేనే చెప్పుకుని వెనక్కి తగ్గాను. పాట మొదలై ఆగిపోయినవి, ఎవరో శ్రుతి తప్పి నవ్వినవి, అన్నీ అందులో ఉన్నాయి. పరిశోధన చేసేవాళ్లకి అది గని. మనలాంటివాళ్లకి బీరువాలో బరువు.

కానీ ఆరు సీడీల దాంట్లో మూడో సీడీ ఉంది చూశారూ, బావ అచ్చు తప్పనుకున్నది, దాని కోసం నేను ఎవరితోనైనా తగువు పెట్టుకుంటాను. సీడీ మొత్తం 'లైక్ ఎ రోలింగ్ స్టోన్' ఒక్కటే. 1965 జూన్ 15న ఐదు టేకులు, 16న పదిహేను.

మొదటి రోజు పాట మూడు దెబ్బల నడకలో ఉంటుంది, మనం తిశ్రం అనుకుంటాం చూడండి, అలా. డిలన్ పియానో దగ్గర కూర్చుని తడుముకుంటున్నాడు. పాట ఉయ్యాల ఊగుతోంది గానీ నిలబడ్డం లేదు, గొంతు బొంగురుపోతోంది. రెండో రోజుకి నడక మారింది, నాలుగు దెబ్బల చతురశ్రం. అల్ కూపర్ అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు ఊరికే చూసిపోదామని వచ్చాడు. గిటారు వాయిద్దామని ఆశ. మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వాయించడం విని, బుద్ధిగా తన గిటారు పెట్టెలో పెట్టేసుకున్నాడు. తర్వాత ఆర్గన్ ఖాళీ అయ్యేసరికి ఎవరూ అడక్కుండానే దాని ముందు కూర్చున్నాడు. వాయించడం సరిగా రాదు గనక, మిగతావాళ్లు ఏ స్వరానికి పోతున్నారో విని, ఒక వెంట్రుక ఆలస్యంగా మీట నొక్కేవాడు. ఆ ఆలస్యమే పాటకి అందం తెచ్చింది. నిర్మాత టామ్ విల్సన్ వీడు ఆర్గన్ వాయించేవాడు కాదంటే, డిలన్ ఆర్గన్ శబ్దం పెంచమన్నాడు.

రెండో రోజు నాలుగో టేకు. ఆరు నిమిషాల పైచిలుకు పాట మొదటి నుంచి చివరిదాకా కుదిరింది. ఆల్బంలోకి వెళ్లింది అదే. నాకు ఒళ్లు జలదరించేది మాత్రం ఆ తర్వాత. కుదిరిందని వాళ్లకి తెలియదు! ఇంకా పదకొండు సార్లు ప్రయత్నిస్తారు. ఒక దాంట్లో వేగం ఎక్కువ, ఒకటి మధ్యలో తెగిపోతుంది. ఒక్కటీ నాలుగోదాని దరిదాపుల్లోకి రాదు. సీడీ చివర్లో ఆల్బంలోకి వెళ్లిన ఆ నాలుగో టేకునే వాయిద్యాల వారీగా నాలుగు ముక్కలుగా విడదీసి పెట్టారు, అందులో డ్రమ్ముతో కలిపి ఆర్గన్ విడిగా వినొచ్చు. కూపర్ వెతుక్కుంటున్న చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

మా పాత నెల్లూరు జిల్లా కవి ఆచార్య ఆత్రేయ గారు ఊరికే గుర్తొస్తారు ఇక్కడ. సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు ఆయనది. రాసి ప్రేక్షకుల్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తారని పేరు. ఆ రాయని రోజుల్లో కొట్టేసిన పల్లవులు ఎన్నో! ఆ కాగితాలు ఒక పెట్టెలో పెట్టి అమ్మితే నేను ఫ్రిజ్జు సంగతి మర్చిపోతాను. ఆయనే వద్దనుకున్నవి మనమెందుకు చూడాలనే వాళ్లున్నారు, వాళ్ల మాటా కాదనలేను. డిలన్‌వి మాత్రం ఆయన బతికుండగానే వస్తున్నాయి ఇవన్నీ, దొంగచాటుగా కాదు.

కాబట్టి నన్నడిగిన కుర్రాళ్లకి: మొదట 1991 సెట్టు. తర్వాత 'మోర్ బ్లడ్' ఒంటి సీడీ. 'బేస్‌మెంట్' అయితే రెండు సీడీలది. పెద్ద పెట్టె ఒక్కటి కొనాలని చెయ్యి దురద పెడితే 'కటింగ్ ఎడ్జ్' ఆరు సీడీలది, అదీ మూడో సీడీ కోసం. ఫోన్లో వినే వీలున్నవి ముందు అక్కడే విని చూసుకోండి, తొందరేం లేదు.

బావ ఆ సంక్రాంతికి వెళ్తూ వెళ్తూ "కారులో వింటానులే" అని ఆ మూడో సీడీ పట్టుకుపోయాడు. పాత కారు, ఇంకా సీడీ ప్లేయరుంది. నెల తర్వాత అడిగితే "పెన్నా వంతెన మీద ట్రాఫిక్ ఆగింది, అయిదో టేకు కాడ ఉండా" అన్నాడు. ఉగాదికి అడిగితే మాట మార్చాడు. నా పెట్టెలో మూడో గుంట ఇంకా ఖాళీగానే ఉంది.