పెళ్లి వీడియోకి డీవీడీ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? దుడ్లు కట్టే ముందు ఇది చదవండప్పా

అనంతపురంలో పెళ్లిళ్లు మొదలైతే ఎడిటింగ్, మెనూలు, బర్నింగ్ అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, లైఫ్‌టైమ్ లైసెన్స్ అని అంటగట్టేవాళ్లు ఉంటారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "యాంటీవైరస్ కాసేపు ఆపండి" అన్నారంటే అది క్రాక్ కాపీ, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ. నెట్ తగలగానే లైసెన్స్ పోవచ్చు. అప్పుడు సగం కట్ చేసిన ప్రాజెక్ట్ ఫైల్ వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోదు, పెళ్లివాళ్లు ఊరుకోరు.

"కొత్త ప్రీమియర్‌తో పాటు కొత్త ఎన్‌కోర్ కూడా" అనే మాట నమ్మొద్దు. ప్రీమియర్ అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ఎన్‌కోర్ వాళ్లదే డీవీడీ తయారీ సాఫ్ట్‌వేర్. ఎన్‌కోర్ 2012 నాటి సీఎస్6 వెర్షన్‌తోనే ఆగిపోయింది, కొత్తది లేనే లేదు. విండోస్ మూవీ మేకర్ కథా అంతే. అది ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్ 2017 జనవరిలో ఆపేసింది. అదే ఏడాది నవంబరులో దాని పేరుతో ఒక నకిలీ కాపీ నెట్‌లో తిరిగింది. పనంతా చేయనిచ్చి, సేవ్ చేయబోతే 29.95 డాలర్లు అడిగేది.

అసలు మోసం "డీవీడీ బర్న్ చేస్తుంది" అనే మాటలో ఉంది. ఎంపీ4 ఫైల్‌ని డిస్క్ మీద కాపీ కొట్టినా బర్నే కదా! టీవీ కింది పాత ప్లేయర్ దాన్ని చదవకపోవచ్చు. దానికి కావాల్సింది ఎంపెగ్-2 అనే రకం వీడియో, మన దేశపు పాల్ టీవీ పద్ధతిలో 720×576 చుక్కలు, సెకనుకు 25 ఫ్రేములు. డిస్క్ తెరిస్తే వీడియో_టీఎస్ ఫోల్డర్, అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు కనిపించాలి. అవి లేకుంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి ఆథరింగ్ (ప్లేయర్ చదివేలా మెనూలతో డీవీడీ తయారుచేయడం) రాదన్నట్టే.

"ఒక్క డిస్క్‌లో 3 గంటలు, హెచ్‌డీ క్వాలిటీ" అనేది ఇంకో బూటకం. డీవీడీ-వీడియోలో హెచ్‌డీ ఉండదు. మామూలు డిస్క్ 4.7 జీబీ, విండోస్‌లో 4.37 అని చూపిస్తుంది. రెండు గంటలకు ఆడియోతో కలిపి సుమారు 5.2 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వస్తుంది, బాగుంటుంది. మూడు గంటలు తోస్తే 3.5కి పడిపోతుంది, మెరవణిలో డ్యాన్సుల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతుంది. రెండు డిస్కులు చేయడమే మేలు. బొమ్మ పగలకుండా వణికితే మాత్రం ఫీల్డ్ ఆర్డర్ (ఒక్కో ఫ్రేములో పై గీత వరుస ముందా, కింది గీత వరుస ముందా అనేది) తప్పినట్టు: డీవీ టేపు కెమెరాకి లోయర్, ఏవీసీహెచ్‌డీ అనే హెచ్‌డీ పద్ధతి కెమెరాకి అప్పర్. దీన్ని మార్చుకునే వీలు లేని సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చినా దండగ.

కొనే ముందు ట్రయల్ వేసి, మీ కెమెరా క్లిప్పే పది నిమిషాలది తీసుకుని మెనూతో ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) చేయించండి. దాన్ని కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి మెనూ బటన్లు నొక్కి చూడండి. తర్వాత డీవీడీ-ఆర్ మీద 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంలో రాసి, ఇంట్లో ప్లేయర్‌లో పెట్టండి. ట్రయల్‌లో వాటర్‌మార్క్ ఉంటే పర్వాలేదు, ఎగుమతినే (తయారైన వీడియోని బయటికి తీయడాన్నే) మూసేసి ఉంటే ఆ ట్రయల్‌తో ఏమీ తేలదు.

మెనూల వరకే అయితే డీవీడీస్టైలర్ ఉచితం. ఇన్‌స్టాల్‌లో వేరే ప్రోగ్రాములకు టిక్కులు కనబడితే తీసేయండి. ఎడిటింగ్‌కి షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. డావిన్సీ రిసాల్వ్ ఉచితమే గానీ డీవీడీ ఆథరింగ్ చేయదు, 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో కదలదు కూడా.

అయినా కొంటామంటే, లైసెన్స్ కీ మీ సొంత ఈమెయిల్‌కే రావాలి, బిల్లు మీద సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ రాసి ఉండాలి. "కీ మా దగ్గరే ఉంటుంది, ఫార్మాట్ కొట్టినప్పుడు రండి" అంటే ఆ కీ ఇంకెంతమంది కంప్యూటర్లలో ఉందో చెప్పలేం.