వంటింటి తూకం మిషన్: రెండేళ్లు వాడాక

బరువు తగ్గాలని కొన్నవాటిలో మా ఇంట్లో ఇంకా అటకెక్కనిది ఇదొక్కటే. ఐదు కేజీల దాకా తూస్తుంది, గ్రాము తేడా చూపిస్తుంది, చిన్న సెల్స్ మీద నడుస్తుంది. ఐదారు వందలకు దొరికే మామూలు రకం. మొదటి ఏడాది తొమ్మిది కేజీల దాకా తగ్గాను. తర్వాత పెళ్లిళ్ల సీజన్లో ఒకటీ రెండూ పెరుగుతూ, మళ్లీ దిగుతూ దాదాపు అక్కడే ఉన్నాను.

ముందు వస్తువు సంగతి. గిన్నె పెట్టి 'టేర్' నొక్కితే సున్నా అవుతుంది, తర్వాత వేసినదాని బరువే చూపిస్తుంది. అంతవరకు బాగుంది. పెద్ద పళ్లెం పెడితే మాత్రం అంకెలు దాని కింద పడిపోతాయి, వంగి చూసుకోవాలి. కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే ఆగిపోతుంది, కూరగాయలు తరుగుతూ మధ్యమధ్యలో వేద్దామంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఉప్పు, మెంతులు లాంటి కొంచెం కొంచెం వాటికి దీన్ని నమ్ముకోవద్దు. పొయ్యి మీంచి దించిన బాణలి సరాసరి పెట్టొద్దు.

ఇక దీన్ని ఎలా వాడానంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్లెం లెక్క ఒకటుంది. రోజుకి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులో గుడ్లో మాంసమో 85, కూరగాయలు ఆకుకూరలు 400, పండ్లు 100, పల్లీల్లాంటి గింజలు 35, నూనె 27, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు తూకాలు. 250 గ్రాముల బియ్యం వండితే దాదాపు ఏడు వందల గ్రాముల అన్నం అవుతుంది. అంటే అన్నం మానేయమని ఎవరూ చెప్పలేదు. నేను ధాన్యం 180కి తగ్గించి మిగతావి అలాగే ఉంచాను.

అసలు గుట్టు బయటపడింది నూనె దగ్గర. డబ్బాని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తూస్తే ఆ రోజు ఇంట్లో ఎంత వాడామో తెలిసిపోతుంది. దొండకాయ వేపుడు చేసిన రోజు తలకి 50 గ్రాములు దాటేది! నూనె గ్రాముకి 9 కేలరీలు. ఆ ఎక్కువైన పాతిక గ్రాములు ఇంకో అరవై గ్రాముల బియ్యం వండుకు తిన్నదానితో సమానం. అన్నం మానేశామని చెప్పుకుంటూ వేపుడు రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకునేవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. ఇప్పుడు వేపుడు వారానికి ఒకసారే, మిగతా రోజులు కూరలు మూతపెట్టి మగ్గిస్తున్నాం. పోపు మాత్రం వదులుకోలేదు, అది లేకపోతే పప్పు నోటికెక్కదు.

రెండో ఆశ్చర్యం కూరగాయలు. 400 గ్రాములు తూచి ముందు పెట్టుకుంటే ఇంత నేనొక్కదాన్నే తినాలా అనిపించింది. అప్పటిదాకా మాకు కూరంటే అన్నంలో కలుపుకోవడానికే. దోసకాయ, క్యారెట్ పచ్చివి పక్కన పెట్టుకోవడం మొదలుపెట్టాక ఆ అంకె దగ్గరికి వచ్చింది, సాయంత్రం ఆకలి కూడా తగ్గింది.

కొర్రలు తింటే ఎంత తిన్నా ఒళ్లు రాదని చెప్పేవాళ్లని నమ్మకండి. పీచు ఎక్కువ కాబట్టి కడుపు తొందరగా నిండుతుంది, నిజమే. తూకానికి తూకం చూస్తే కేలరీలు బియ్యానికి కాస్త అటూ ఇటూగానే ఉంటాయి. వాటినీ తూచుకోవాల్సిందే.

"అన్నం తూచి పెట్టడం ఏంటమ్మా, వింటే నలుగురూ నవ్విపోతారు" అని మా అత్తగారు మొదట్లో చాలా నొచ్చుకున్నారు. ఆవిడ బాధ అర్థమైంది. అందుకే పళ్లెంలో అన్నం ఎప్పుడూ తూచను. కడగకముందు బియ్యమే తూచి కుక్కర్లో వేస్తాను. భోజనాల దగ్గర మిషన్ కనపడదు, గొడవా లేదు.

ఒంటి బరువు చూసే మిషన్ కూడా ఉంది కానీ దాని మీద నాకు అంత గౌరవం లేదు. రాత్రి ఆవకాయ గట్టిగా తింటే పొద్దున్నే కేజీ పెరిగినట్టు చూపిస్తుంది. అది ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు, కొవ్వు కాదు. వారానికోసారి చూస్తే చాలు, అనవసరంగా టెన్షన్ పడక్కర్లేదు. వారానికి అరకిలో తగ్గడం క్షేమమని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. రోజుకి 1000 కేలరీల కన్నా తక్కువ తినొద్దని కూడా వాటిలోనే ఉంది. నాకు అరకిలో తగ్గిన వారాలు తక్కువే.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా అన్నం తగ్గించకూడదు. ప్రతి ముద్దకీ కంగారు పడే స్వభావం ఉన్నవాళ్లకి ఈ వస్తువు ఇంట్లో లేకపోవడమే మంచిది. పిల్లల తిండి దీని మీద పెట్టొద్దు.

మిగతావాళ్లకి నా మార్కులు ఐదుకి నాలుగు. కొనేటప్పుడు అంకెలు పళ్లెం కింద దాగకుండా ముందుకు చాచి ఉన్న మోడల్ చూడండి. ఇప్పుడు నేను రోజూ తూచేది బియ్యం, నూనె రెండే, మిగతావి కంటికి అలవాటైపోయాయి. పల్లీలు మాత్రం ఇప్పటికీ తూచుకోకపోతే డబ్బా ఖాళీ.